మేకలు లేని దారి

ఆ శుక్రవారం ఉదయం ఒమాన్‌లో, మస్కట్‌కి అవతలి ఖురియాత్ తోటల రోడ్డు మీద హాజరైనవారు, వరుసక్రమంలో: అందరికంటే ముందు, ముదురాకుపచ్చ ఉక్కు సైకిలు మీద నిటారుగా కూర్చున్న వీరభద్రరావు, ఆయన వెనక, ఘుబ్రాలో ఒక బడిలో లెక్కలు చెప్పే నవీన, ఆమె వెనక, జగిత్యాల నుంచి వచ్చి సైటులో ఫోర్‌మన్‌గా పనిచేస్తున్న సంజీవ్. హాజరుపట్టీ ఇక్కడితో ముగుస్తుంది. సైకిళ్ల వెనక, సైకిళ్ల వేగంతోనే, ఒక తెల్లకారు కూడా వస్తున్న మాట నిజమే. అందులో మంచినీళ్ల సీసాలు, అరటిపళ్లు, వేడి చల్లారకుండా తువ్వాలు చుట్టిన ఉప్మా గిన్నె, వీటన్నిటినీ మోసుకొస్తూ స్టీరింగు వెనక శేషుకుమారి ఉన్నారు. అయితే హాజరు అంటే తొక్కేవారి హాజరేనని వీరభద్రరావు నియమం. భర్త పెట్టిన నియమాలలో తనకు నష్టం లేనివాటిని శేషుకుమారి ఎప్పుడూ ప్రశ్నించలేదు.

డిసెంబరు చలి ఇంకా తోటల మీదే ఉంది. ఖర్జూరపు మట్టల నడుమ నుంచి ఎండ చారలు చారలుగా రోడ్డు మీద పడుతోంది. ఎక్కడో నీళ్ల మోటారు ఒకటి గునుస్తోంది. అది తప్ప చప్పుడు లేదు. అలాంటి రోడ్లు వెదికి పట్టుకోవడమే రిటైరయ్యాక వీరభద్రరావు పెట్టుకున్న పని. లారీలు తిరగని దారి, దుకాణాలు లేని దారి, పటంలో సన్నటి గీతగా కూడా పడని దారి. వాటిని ఆయన ‘నిశ్శబ్దపు దారులు’ అంటారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు కూడా కాస్త తగ్గుతుంది.

రోడ్డు పల్లానికి దిగి, వానకు పొంగే వాగుని, ఇక్కడివాళ్ల మాటలో వాదీని, దాటేచోట ఆగడం ఆనవాయితీ. వాన పడితే నీరెంత లోతుందో చూపించే ఎర్రా తెలుపూ చారల స్తంభాలు అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వాటి పాదాల దగ్గర చీలమండలు తడిసేపాటి నీరు మాత్రం పారుతోంది. వీరభద్రరావు సైకిలు దిగి, చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగి విప్పారు.

“ఇలాంటి చోటుని ఇంగ్లండులో ఫోర్డ్ అంటారమ్మా నవీనా. హెరిఫర్డ్‌షైర్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒకటి ఉండేది. రెండువైపులా ఆపిలు తోటలు, దారి వెడల్పు ఒక బండి పట్టేటంత. వెనక కారు వచ్చిందనుకో, వాడు హారను కొట్టడు. దారి వెడల్పయ్యేదాకా నీ వెనకే, నీ వేగంతోనే వస్తాడు. దాటేటప్పుడు చెయ్యెత్తి పోతాడు. మర్యాదంటే అదీ.”

“మా దిక్కు గూడ ఎడ్లబండి ఎనుక లారీ గట్లనే అస్తది సార్,” అన్నాడు సంజీవ్, అరటిపండు ఒలుస్తూ. “గాకపోతే దాటేటప్పుడు చెయ్యెత్తడు, నోరెత్తుతడు.”

నవీన నవ్వొచ్చి, నోట్లోని నీళ్లు మింగలేక నోరు మూసుకుంది. వీరభద్రరావు కూడా నవ్వారు గాని, నవ్వుతూనే సైకిలెక్కారు. ముందు నడిచేవాడు ముందే కదలాలన్నది ఆయన మరో నియమం. మిగిలినవాళ్లు సీసాల మూతలు బిగించుకునేలోగా ఆయన పల్లం ఎక్కి గట్టు మీదికి చేరిపోతారు.

శేషుకుమారి చేతిలోని పండు సగంలోనే వదిలేసి కారెక్కారు. ఆమె ఎదురుచూస్తున్నదీ, భయపడుతున్నదీ ఈ నిమిషానికే.

గట్టు ఎక్కగానే, ఎవరూ తోయకుండానే, ఆకుపచ్చ సైకిలు మెల్లగా ఎడమపక్కకు జరగసాగింది. పాత కాలువ దొరికిన నీరులాగా జరిగింది. రోడ్డు మీద బళ్లుంటే ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఎటు పోవాలో ఆ బళ్లే చెబుతాయి. చెప్పే బండి ఒక్కటీ లేని నిశ్శబ్దపు దారిలో, అందునా ఒకసారి ఆగి మళ్లీ ఎక్కినప్పుడు, బళ్లు ఎడమపక్క నడిచే చిన్ననాటి కాకినాడ వీధులూ ఇంగ్లండు పల్లెదారులూ కలిసి ఆయన్ని తమవైపు లాక్కుంటాయి. ఒమాన్‌లో బళ్లు కుడిపక్క నడుస్తాయన్నది ఆయన తలకు తెలిసినంతగా కాళ్లకు తెలియదు. ఆయన ఇంగ్లండు లైసెన్సు చూపించి, పరీక్ష లేకుండా, కౌంటరు దగ్గరే ఇక్కడి లైసెన్సు పుచ్చుకున్న మనిషి. శేషుకుమారి మాత్రం స్టీరింగు పట్టుకున్నదే మస్కట్‌లో. డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి నడిపే పరీక్షలో ఒకసారి డ్రమ్ము పడగొట్టి, మరోసారి నెగ్గిన మనిషి. ఆమెకు రోడ్డంటే కుడిపక్కే. మరచిపోవడానికి వేరే పక్క లేదు.

ఆమె కారుని కుడి అంచున ఉంచి, రెండుసార్లు పొట్టిగా హారను కొట్టారు.

వీరభద్రరావు కుడిభుజం మీదుగా తల తిప్పి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి. కారు వైపు అలా కోపంగా చూస్తూ ఉండగానే సైకిలు ఆ చూపు వెంట నడిచి, రోడ్డు దాటి, కుడి అంచుకి వచ్చేసింది.

“చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుంది. గుంత వైపు చూడకు, గుంతలోనే పడతావు.” సంజీవ్‌కి మొదటిరోజు ఆయన చెప్పిన పాఠం అది. ఆ రోజు కారు అద్దం దించి విన్న శేషుకుమారి దాన్ని మరో పనికి దాచుకున్నారు.

“ఏమిటి, మళ్లీ మేకలేనా?” అన్నారాయన, కారు పక్కకు రాగానే.

“అవునండీ. తోటలోంచి ఉరికొచ్చాయి. వెళ్లిపోయాయి లెండి.”

“నాకు ఒక్కటీ కనబడలేదు.”

“మీరు ముందుకు చూస్తున్నారు కదా.”

ఖురియాత్ సంత దగ్గర మలయాళీ చాయ్ దుకాణం ముందు ప్లాస్టిక్ బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. చిక్కగా మరిగించిన కరక్ చాయ్ వచ్చింది. శేషుకుమారి తువ్వాలు విప్పి ఉప్మా వడ్డించారు. తిన్న తరువాత వీరభద్రరావు లేచి, చొక్కా సవరించుకుని, వందన సమర్పణ చేశారు. ప్రతి శుక్రవారం చేస్తారు. దుకాణంవాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తన వంతు రాగానే చేతులు కట్టుకుని నిలబడతాడు.

“ఎదురుగాలిలోనూ వరుస చెదరనివ్వని కుమారి నవీనకు కృతజ్ఞతలు. సమయపాలన పాటించిన శ్రీ సంజీవ్‌కు కృతజ్ఞతలు. చక్కని తేనీరు అందించిన ఈ దుకాణదారునికి కృతజ్ఞతలు.” ఆయన ఒక క్షణం ఆగారు. “ఇక ఒక అప్రియమైన విషయం. నిశ్శబ్దపు దారిని ఎంచుకుని వచ్చి, ఆ నిశ్శబ్దాన్ని మనమే చెడగొట్టడం ఉచితం కాదు. హారను ఈ సవారీకి మచ్చగా తయారైంది. మేకలను చూసి ఇంతగా బెదిరేవారు రోడ్డు మీదికి రాకపోవడమే మేలు. కాబట్టి వచ్చే వారం నుంచి కారు ఇక్కడే, ఈ దుకాణం దగ్గరే ఆగుతుంది.”

నవీన ప్లేటు వైపు చూసింది. సంజీవ్ చాయ్ గ్లాసుని బల్ల మీద గుండ్రంగా తిప్పాడు.

“హారన్‌దేమున్నది సార్. మేకలకు హారన్ గాక దండం వెడ్తమా?”

“సంజీవ్, సభలో ఛలోక్తులు వద్దు.”

శేషుకుమారి గిన్నె అడుగున మిగిలిన ఉప్మాని గరిటెతో దగ్గరకు తీసి, చివరి ముద్ద భర్త ప్లేటులోనే వేశారు. మిగిలిన జీడిపప్పంతా ఆ ముద్దలోనే ఉంది.

శనివారం బాల్కనీలో గొలుసు శుభ్రం చేసే కార్యక్రమం. నేలంతా పాత పత్రికలు పరిచారు. శేషుకుమారి సీటు పట్టుకుని వెనకచక్రం గాలిలో ఉండేటట్టు ఎత్తి నిలబడితే, వీరభద్రరావు ముక్కాలిపీట మీద కూర్చుని ఒక చేత్తో పెడలు తిప్పుతూ, రెండో చేత్తో పాత పళ్లబ్రష్షు గొలుసుకి ఆనించి నల్లటి జిడ్డు దులిపారు. తరువాత ఒక్కో లంకె మీద ఒక్కో బొట్టు నూనె. కింద వీధిలో బడి బస్సులు లేవు. సెలవురోజు ఘుబ్రా కూడా కాస్త నిశ్శబ్దపు దారిలాగే ఉంది.

“ఇంకొంచెం ఎత్తు శేషూ. ఆఁ, అలాగే.”

ఈ సైకిలు ఎక్కకముందు, కొడుకు విశ్వతేజ తాను పనిచేసే దుక్మ్ ఊరి నుంచి నెలకొకసారి వస్తే, ఆయన రెండు మాటలు మాట్లాడి పత్రికలో తల దూర్చేవారు. రిటైరైన కొత్తలో పొద్దున్నే ఆఫీసు బట్టలు వేసుకుని సోఫాలో కూర్చున్న రోజులున్నాయి. ఆ సైకిలు ఎక్కాకనే ఆయనకు మళ్లీ ఆకలి వేసింది. నూనె బొట్టు సరిగ్గా లంకె మీద పడినప్పుడల్లా ఆయన పెదవి చివర కొద్దిగా కదలడం శేషుకుమారి పైనుంచి చూస్తున్నారు. చేతులు లాగుతున్నా చక్రం దించలేదు.

“హ్యాండిలుకి ఒక అద్దం పెట్టించుకోకూడదూ? వెనకేం వస్తోందో తెలుస్తుంది.”

“అద్దమా? ఇదేమైనా పాలవాడి మోపెడా? మెడ ఉన్నవాడికి అద్దమెందుకు?”

“పోనీ, కుడిచేతి పక్క ఈ ఎర్రతోరం కట్టనివ్వండి. పూజలో పెట్టింది.” దారం కనబడినప్పుడల్లా ఆ పక్క గుర్తుకొస్తుందేమోనని ఆమె ఆశ.

ఆయన అభ్యంతరం చెప్పలేదు. శేషుకుమారి కుడిపిడికి మూడు ముళ్లు వేసి కట్టారు. మర్నాడు పొద్దున చూస్తే తోరం హ్యాండిలు నడిమధ్యకు చేరింది. ఒక పక్కనే ఉంటే సమతూకం బాగాలేదని ఆయనే విప్పి కట్టారట.

మంగళవారం సాయంత్రం నవీన గోంగూర పచ్చడి కోసం వచ్చింది. వీరభద్రరావు ముందుగదిలో భూతద్దం పెట్టుకుని తన పాత ఇంగ్లండు పల్లెదారుల పటం చూసుకుంటున్నారు. వంటింటి తలుపు దగ్గరకు లాగి, శేషుకుమారి మొత్తం చెప్పారు. మేకలు లేవని చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

నవీన చెంచా కిందపెట్టింది. “అంటే ఆంటీ, ప్రతిసారి అంకుల్ రాంగ్ సైడ్ పోతున్నారా? మీరు తిట్లు తిని మరీ…”

“తిట్టడానికే కదే ఆయన వెనక్కి చూసేది. చూస్తేనే కదా సైకిలు ఇటొచ్చేది.”

“డైరెక్ట్‌గా చెప్పేయొచ్చు కదా. అంకుల్ అంత చదువుకున్నోళ్లు, అర్థం చేసుకోరా?”

శేషుకుమారి పచ్చడి సీసా మూత బిగించి, అంచుకి అంటిన నూనె కొంగుతో తుడిచారు. “అర్థం చేసుకుంటారు. అదే నా భయం. తప్పు చేశానని తెలిస్తే సర్దుకునే మనిషి కాదమ్మా ఆయన, ఆ పనే మానేసే మనిషి. లెక్కలో ఒక్క అంకె పొరబడ్డానని రిటైరయ్యాక ఇచ్చిన సలహాదారు పనిని తనంతట తనే వదిలేసి వచ్చారు. ఈ సంగతి చెబితే సైకిలు బాల్కనీలో ఆనిస్తారు. మళ్లీ సోఫాలో కూర్చుంటారు. చెప్పకపోతే, ఏ బండి కిందో…” ఆమె పచ్చడి సీసా నవీన చేతిలో పెట్టారు. “నువ్వొక్క సాయం చెయ్యి. వాదీ దగ్గర ఆయన బయలుదేరగానే నువ్వూ బయలుదేరు. కుడిపక్కన ఉండి ఏదో ఒకటి అడుగుతూ ఉండు. నీవైపు చూస్తే చాలు.”

“ఏం అడగాలి?”

“ఇంగ్లండు గురించి అడుగు. ఇల్లు చేరేదాకా నీ వైపే చూస్తారు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ముందుగదిలోంచి, “అక్కడేమిటా రహస్యాలు?” అని వినబడింది.

“ఉప్పు సరిపోయిందా లేదా అని,” అన్నారు శేషుకుమారి.

శుక్రవారం వచ్చింది. చాయ్ దుకాణం ముందు సైకిళ్లు దింపాక, వీరభద్రరావు కారు పైకప్పు మీద మెల్లగా తట్టారు. మాట కటువుగా అన్నందుకు ఆయన చేయగలిగిన సర్దుబాటు అంతవరకే.

“నువ్వు హాయిగా కూర్చుని చాయ్ తాగు. మేం తిరిగొచ్చేసరికి ఎండ పైకెక్కదు.”

“నెమ్మదిగా వెళ్లిరండి.”

మూడు సైకిళ్లూ తోటల మలుపు తిరిగి కనుమరుగయ్యాయి. దుకాణంవాడు కుర్చీ తెచ్చి వేశాడు. చేపల బండి ఒకటి వచ్చి, మంచు నీళ్లు కారుస్తూ పోయింది. శేషుకుమారి చాయ్ మీద మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఫోను మోగింది.

“ఆంటీ, సంజీవ్ అన్న టైర్ పంక్చర్.” నవీన గొంతు తొందరలో ఉంది. “పంపు నా దగ్గరే ఉంది. అంకుల్ ఆగమంటే ఆగలేదు. ‘వాదీ దగ్గర కూర్చుంటాను, మీరు రండి’ అని ముందుకెళ్లారు. కాసేపయింది.”

“కూర్చుంటే పరవాలేదమ్మా. మళ్లీ ఎక్కితేనే.”

“అదే ఆంటీ. అంకుల్ ఒక దగ్గర కూర్చునే మనిషేనా?”

చాయ్ అలాగే ఉండిపోయింది. తోటల దారిన వెళితే వాదీ దూరం. వెనక నుంచి వెళ్లడమంటే ఆయన వద్దన్న పనే చేయడం. రోడ్డు రెండో కొస హైవేలో కలుస్తుంది. అటునుంచి వాదీ దగ్గర. శేషుకుమారి హైవే ఎక్కారు. ఎప్పుడూ ఎవరినీ దాటని కారు ఆ రోజు రెండు బళ్లని దాటింది.

హైవే దిగి తోటల రోడ్డులోకి తిరిగాక, వాదీకి కొంచెం ఇవతల ఒక మలుపుంది. తోట గోడ అక్కడ రోడ్డు అంచుదాకా వచ్చి అవతలిది కనబడనివ్వదు. మలుపు మొదట్లో ఆమె వేగం తగ్గించారు. అద్దంలో చూస్తే, వెనక చాలా దూరంలో, నీలం రంగు నీళ్ల ట్యాంకరు హైవే దిగుతోంది. తోటలకు నీళ్లు మోసే బండి కాబోలు. ఇన్ని శుక్రవారాల్లో ఈ రోడ్డు మీద ట్యాంకరు కనబడడం అదే మొదలు.

ఆమె కారుని తన పక్కనే, మలుపు నోట్లో, పూర్తిగా ఆపేశారు. నాలుగు దీపాలూ టిక్కు టిక్కుమంటూ వెలిగి ఆరడం మొదలైంది. తలుపు తీసుకుని దిగి, కారు పక్కన నిలబడ్డారు.

గంట వినబడింది. సైకిలు గంట. మలుపు తిరిగి వీరభద్రరావు వచ్చారు. నిటారుగా, ఎండకు కళ్లు చిట్లించి, ఏదో కూనిరాగం తీస్తూ, ఎడమపక్కన.

తన దారికి అడ్డంగా కారు నిలబడి ఉండడం చూసి ఆయన గంట గట్టిగా మోగించారు. కారు కదలలేదు. బ్రేకు నొక్కి, ముందుచక్రం కారు నంబరు పలక దగ్గరకు వచ్చాక ఆగి, ఒక కాలు నేల మీద పెట్టారు.

“ఏమిటయ్యా ఇది, రాంగ్ సైడులో బండి పెట్టి…” అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఆగిపోయారు. “శేషూ? నువ్వా? రాంగ్ సైడులో ఎందుకు ఆపావు?”

శేషుకుమారి వెనక్కి, హైవే వైపు చూశారు. నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అబద్ధానికి ఇక్కడ మేకలు లేవు.

ఆమె వెనక పెద్ద నిట్టూర్పులాగా గాలి బ్రేకు చప్పుడైంది. ట్యాంకరు వచ్చి, వెలిగి ఆరుతున్న దీపాల వెనక ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“అమ్మాజీ, గాడీ ఖరాబ్?”

“నహీ భాయ్, సబ్ ఠీక్. ఆగే ధీరే జానా.”

అతను చెయ్యెత్తి, కారుని చుట్టి, మళ్లీ తన పక్కకు చేరి మలుపు తిరిగాడు. ఇప్పుడే వీరభద్రరావు సైకిలు నడిచి వచ్చిన గీత మీదనే ఆ పెద్ద చక్రాలు నడిచిపోయాయి. వాదీ పల్లంలో నీళ్లు చిందిన చప్పుడు వినబడింది. తరువాత మళ్లీ నిశ్శబ్దం.

వీరభద్రరావు ట్యాంకరు పోయిన వైపు చూశారు. తన ముందుచక్రం వైపు చూశారు. ఖాళీగా పడి ఉన్న రోడ్డు కుడి అంచు వైపు చూశారు. దీపాలు టిక్కు టిక్కుమంటూనే ఉన్నాయి.

“ఆ మేకలు…” అన్నారాయన.

“ఈ తోటలకి కంచెలున్నాయండీ. మేకలెక్కణ్ణుంచి వస్తాయి?”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ కాదు. ఆగి మళ్లీ ఎక్కినప్పుడు మాత్రమే.”

“హారను కొడితే నేను పక్కకు జరుగుతానని ఎలా అనుకున్నావు?”

“జరుగుతారని కాదు. కోప్పడి నావైపు చూస్తారని. చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుందని మీరే కదా చెప్పారు.”

ఆయన సైకిలు దిగి, నడిపించుకుంటూ కారు వెనకకు వెళ్లారు.

“డిక్కీ తియ్యి.”

శేషుకుమారి డిక్కీ వైపు నడిచారు. ఇంతేనన్నమాట. సైకిలు కారెక్కుతుంది, కారు ఇల్లు చేరుతుంది, సైకిలు బాల్కనీ గోడకి ఆనుతుంది. ఆమె డిక్కీ తీసి, సామాను పక్కకు జరిపి, సైకిలుకి చోటు చేశారు.

ఆయన ఆ చోటులోకి వంగి మంచినీళ్ల సీసా తీసుకున్నారు. నిదానంగా తాగి, మూత బిగించి, సీసా యథాస్థానంలో పెట్టారు. తరువాత హ్యాండిలు మీదికి వంగారు. నడిమధ్యన కట్టిన ఎర్రతోరం ముడి గట్టిగా బిగిసి ఉంది. తొడుగులు తీసి, గోళ్లతో దాన్ని విప్పారు. కుడిపిడి దగ్గర చుట్టి, మూడు ముళ్లు వేశారు. మూడోది వేసేటప్పుడు దారం జారితే, శేషుకుమారి ఒక వేలు ముడి మీద ఆనించి పట్టుకున్నారు.

“కారు తిప్పుకుని నా వెనక రా,” అన్నారాయన.

“హారను?”

“అవసరాన్ని బట్టి.”

సంజీవ్, నవీన గస పోసుకుంటూ వచ్చేసరికి, ఆయన కుడి అంచున సైకిలు నిలబెట్టుకుని వాళ్ల కోసం ఆగి ఉన్నారు. ఆ విధంగా ఆయన ఆగడం వాళ్లెప్పుడూ చూడలేదు.

“గిదేంది మేడం, దుకాణం కాడ ఉంటరనుకుంటిమి,” అన్నాడు సంజీవ్. “మల్ల మేకలచ్చినయా?”

“సభలో చెబుతాను,” అన్నారు వీరభద్రరావు. “నవీనా, ఇవాళ ముందు నువ్వు నడువు.”

చాయ్ దుకాణం దగ్గర అందరూ తిన్నాక ఆయన లేచారు. చొక్కా సవరించుకున్నారు. దుకాణంవాడు అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. పళ్లేలు తీస్తున్న శేషుకుమారితో, “నువ్వు కూర్చో. ఇది కూర్చుని వినవలసింది,” అన్నారు. ఆమె చేతిలోని గరిటెతో సహా కూర్చున్నారు.

“ఈనాటి సవారీకి హాజరైనవారు, వరుసక్రమంలో: మొదట, శ్రీమతి శేషుకుమారి, కారులో, ఎదురుదిశ నుంచి. తరువాత కుమారి నవీన. తరువాత శ్రీ సంజీవ్. చివర, నేను. హారనుపై గతవారం ఇదే బల్ల దగ్గర నేను చేసిన తీర్మానం రద్దయినది. ఈ దారిలో మేకలున్నవని ఇంతకాలం సభకు తెలియజేయబడింది. మేకలు లేవు. పక్క తప్పి నడిచినవాణ్ణి నేను. నేను తప్పిన ప్రతిసారీ నన్ను కుడిపక్కకు చేర్చి, చేర్చినందుకు నాచేతనే మాటపడి, ఆ సంగతి నాకు తెలియకుండా కాపాడినవారు శ్రీమతి శేషుకుమారి. వారు చేసిన ఈ కార్యాన్ని ఈ సభ నిలబడి, సంపూర్ణ కృతజ్ఞతతో స్వీకరిస్తున్నది.”